పాత కారు వెల: భావనపాడు డైరీ

4 సెప్టెంబర్ 2025, గురువారం

నిన్న రాత్రి ఢిల్లీలో జీఎస్టీ మండలి తేల్చేసింది. చిన్న కార్ల మీద ఉన్న 28 శాతం పన్నూ, ఆ పైన సెస్సూ పోయి ఇక 18 శాతమే. 22వ తేదీ నుంచి అమలు. తెల్లారేసరికి బావ పేపరు పట్టుకుని మా అరుగు మీద కూర్చున్నాడు. "ఏటంటావు, పాతది ఇచ్చీసి కొత్తది తెచ్చీదామా?"

బావది 2018 మోడల్ డిజైర్, పెట్రోలు బండి. ఏపీ 30 నంబరు. 82 వేల కిలోమీటర్లు తిరిగింది. సొంత వాడకమే, టాక్సీగా ఎన్నడూ తిప్పలేదు. రాత్రుళ్లు మా భావనపాడు తీరానికి కూతవేటు దూరంలో రేకుల షెడ్డు కింద ఉంటుంది. ఆ షెడ్డుకి గోడల్లేవు. సముద్రపు గాలి నేరుగా బండికే తగులుతుంది.

కొత్తదాని ధర తగ్గిందన్న సంతోషంలో ఉన్నాడు. దాంతోపాటే పాతదాని ధరా దిగుతుందని చెప్పాను. "పాతదానికీ దీనికీ ఏటి సంబంధం? దాని పన్ను ఎప్పుడో కట్టీసినాం కదా" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. జవాబు సరిగ్గా చెప్పాలంటే పాత కారుకి ధర ఎవరు కడతారో, ఎలా కడతారో మొదట్నుంచీ తెలుసుకోవాలి. అందుకే ఈ రాతలు.

7 సెప్టెంబర్, ఆదివారం

మేనల్లుడు హైదరాబాద్ నుంచి వీడియో కాల్ చేసి, పాత కార్లు కొనే ఒక ఆన్‌లైన్ కంపెనీ యాప్‌లో వాళ్ల నాన్న బండి నంబరు కొట్టాడు. నంబరు కొట్టగానే రవాణా శాఖ రికార్డుల్లోంచి మోడలు, ఏడాది, ఇంధనం, ఎన్నో యజమాని అన్నవన్నీ వచ్చేశాయి. తర్వాత అడిగినవి కొన్నే: ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఎప్పుడు అమ్మాలనుకుంటున్నారు, ఏ ఊరు. ఊళ్ల జాబితాలో భావనపాడు ఎలాగూ ఉండదు. శ్రీకాకుళం కూడా లేదు. విశాఖపట్నం నొక్కాడు.

తెర మీద పడిన ధర: 4 లక్షల 5 వేల నుంచి 4 లక్షల 55 వేలు.

బావకి రెండో అంకె ఒక్కటే కనిపించింది. అక్కకి ఫోన్ చేసి అదే చెప్పాడు.

ఆ అంకె ఎక్కడ్నుంచి వచ్చిందంటే, ఇదే మోడలు, ఇదే ఏడాది, ఇంచుమించు ఇన్నే కిలోమీటర్లు తిరిగిన బండ్లు ఈ మధ్య ఎంతెంతకి చేతులు మారాయో కంపెనీ దగ్గర లెక్కలుంటాయి. కొత్త లెక్క చేరినప్పుడల్లా అంచనా సర్దుకుంటుంది. కాబట్టి అది ఎక్కడో ఉన్న ఒక మామూలు డిజైర్ ధర. బావ డిజైర్ని ఇంకా ఎవరూ చూడలేదు. సముద్రం ఎంత దూరంలో ఉందని ఆ ఫారంలో ఏ గడీ అడగలేదు.

10 సెప్టెంబర్

పాత బండి కొత్తదాని కంటే తక్కువకే అమ్మాలని రాసిపెట్టి లేదు. మా నాన్నగారి తరంలో బజాజ్ చేతక్ బుక్ చేస్తే ఏళ్ల తరబడి ఎదురుచూపులే. అందుకని వాడిన స్కూటరు కొత్తదాని కంపెనీ ధర మీద ఇంకొంత వేసి అమ్ముడుపోయేది. మొన్నమొన్న 2021, 22 సంవత్సరాల్లో చిప్పులు దొరక్క కొత్త కార్లు ఆలస్యమైనప్పుడు పాత కార్ల రేట్లు పెరిగాయి. వెనక ఉన్న కొనేవాళ్ల వరసే వెల కడుతుంది. ఇప్పుడు ఆ వరస కొత్త కారు షోరూమ్ వైపు మళ్లింది.

14 సెప్టెంబర్, ఆదివారం

అమెరికాలో లాస్ ఏంజెలెస్‌లో లెస్ కెల్లీ అనే పాత కార్ల వ్యాపారి, ఏ బండికి తానెంత ఇస్తాడో ఒక జాబితా రాసి తోటి వ్యాపారులకి పంచేవాడు. దాన్నే 1926లో బ్లూ బుక్ అని పుస్తకంగా వేశాడు. అక్కడ పాత కారు ధర అంటే ఇప్పటికీ ఆ పేరే చెబుతారు. కొనేవాడు రాసిన జాబితా అది. అమ్మేవాడు రాసింది కాదు.

మన దగ్గర మారుతి కంపెనీ 2001లో పాత కార్లు కొని అమ్మే ట్రూ వాల్యూ మొదలుపెట్టేదాకా పాత కారంటే మెకానిక్కూ, బ్రోకరూ, తెలిసినవాళ్లూ. 2015లో గురుగ్రామ్‌లో ఆన్‌లైన్ కంపెనీ కార్స్‌24 వచ్చింది, స్పిన్నీ కూడా ఆ ఏడాదిదే. ఆన్‌లైన్లో కొనే పద్ధతులు ముఖ్యంగా రెండు. ఒకటి, కంపెనీయే కొని, బాగుచేసి, గ్యారంటీ ఇచ్చి వాడుకునేవాళ్లకి అమ్మడం. రెండోది, మన ఇంటికి మనిషిని పంపి బండి ఫొటోలు, రిపోర్టు తయారుచేయించి ఊరూరా ఉన్న డీలర్ల ముందు వేలానికి పెట్టడం. వేలంలో పెద్ద పాట ఎవరిదైతే వాళ్లకి బండి, మధ్యలో కంపెనీకి రుసుము.

మా రేవులో పొద్దున్న పడవలు ఒడ్డుకి చేరగానే జరిగే చేపల పాట లాంటిదే ఇదీ. ఒక్కటే తేడా. రేవులో పాట పాడేవాడు చేప మొప్ప ఎత్తి చూస్తాడు, వేలితో నొక్కుతాడు. ఈ వేలంలో పాడేవాడికి ఫొటో ఒక్కటే ఆధారం. కళ్లతో చూడనిదానికి ఎవరూ పూర్తి ధర పాడరు. అనుమానానికి కొంత పక్కన పెట్టుకుని పాడతారు. ఆ పక్కన పెట్టుకున్నది అమ్మేవాడి జేబులోంచే పోతుంది.

19 సెప్టెంబర్

బావ ఇన్సూరెన్స్ కాగితం తెచ్చాడు. అందులో ఐడీవీ అని ఒక అంకె. "ప్రభుత్వం కట్టిన ధర ఇదే కదా, ఇంతకి తగ్గకూడదు కదా?" అని.

అది బీమా కంపెనీ ఇచ్చే పరిహారానికి పైకప్పు మాత్రమే. దాని లెక్కకి ఒక పట్టిక ఉంది: 6 నెలల్లోపు బండికి 5 శాతం తరుగు, ఏడాదిలోపు 15, రెండేళ్లకి 20, మూడేళ్లకి 30, నాలుగేళ్లకి 40, అయిదేళ్లకి 50. అయిదేళ్లు దాటితే బీమా కంపెనీ, యజమాని మాట్లాడుకుని ఒప్పుకున్నదే అంకె. నల్లటి పొగ వదిలే డిజైర్‌కీ, బావ డిజైర్‌కీ ఆ పట్టిక ఒకే తరుగు చూపిస్తుంది. డీలరెవరూ దాని మొహం చూడరు.

కానీ ఆ కాగితంలో బావ చూడని విలువైనది ఇంకొకటుంది. నో క్లెయిమ్ బోనస్ అనే ప్రీమియం తగ్గింపు. అది బండిది కాదు, మనిషిది. పాత కారు అమ్మేటప్పుడు బీమా కంపెనీ దగ్గర ఉత్తరం తీసుకుంటే కొత్త కారు పాలసీకి మార్చుకోవచ్చు. మూడేళ్ల దాకా చెల్లుతుంది. బావకి 50 శాతం ఉంది. చాలామంది దీన్ని బండితోపాటు వదిలేస్తున్నారు, చూస్తుంటే బాధేస్తుంది.

22 సెప్టెంబర్, సోమవారం

కొత్త పన్ను వచ్చింది. డిజైర్ మీద వేరియంట్‌ను బట్టి 87 వేల దాకా తగ్గింపని మారుతి ముందే ప్రకటించింది. సాయంత్రం మేనల్లుడు మళ్లీ యాప్ తెరిచాడు. అదే నంబరు, అవే కిలోమీటర్లు. 3 లక్షల 75 వేల నుంచి 4 లక్షల 20 వేలు.

బావ బండి ఈ పదిహేను రోజుల్లో షెడ్డులోంచి పెద్దగా కదల్లేదు. అయినా 30, 35 వేలు తగ్గింది. నాలుగో తేదీన అడిగిన ప్రశ్నకి జవాబు ఇదే. కొత్త డిజైర్ అంత తక్కువకి వస్తుంటే పాతదానికి నిన్నటి ధర పెట్టేవాడు ఉండడు. బావ ఈసారి వాదించలేదు.

28 సెప్టెంబర్, ఆదివారం

నా దగ్గర చదువుకున్న కుర్రాడొకడు విశాఖలో పాత కార్ల యార్డులో కొనుగోళ్లు చూస్తాడు. దసరాకి ఊరొచ్చి మా ఇంటికి వచ్చాడు. టీ తాగుతూ అడిగాను, మీరు ధర ఎలా కడతారని.

"మాస్టారూ, బండిని చూసి మేం ధర కట్టం. దాన్ని ఎవరికి అమ్ముతామో అతన్ని ముందు మనసులో కూర్చోబెట్టుకుంటాం. అతనెంత ఇస్తాడో అక్కడ్నుంచి వెనక్కి వస్తాం" అన్నాడు. నా నోటు పుస్తకంలోనే వేసి చూపించాడు. అంకెలు ఉదాహరణకే, కానీ తీరు అదే.

ఇలాంటి డిజైర్‌ని ముస్తాబు చేసి నిలబెడితే విశాఖలో ఒక గుమస్తానో, నర్సమ్మో 4 లక్షల 80 వేలకి కొంటారనుకుందాం. యార్డు 3 లక్షల 50 వేలకి కొన్నదనుకుందాం. మధ్యలో లక్షా 30 వేలు. అంతా లాభమేననుకుంటాం మనం. అందులో రెండు టైర్లు, క్లచ్, బంపరుకి రంగు, లోపల శుభ్రం కలిపి 40 వేలు. బండిని యార్డుకి చేర్చడానికీ, పేరు మార్పిడి కాగితాలకీ 12 వేలు. అమ్మకం ధరకీ కొన్న ధరకీ ఉన్న తేడా మీద 18 శాతం జీఎస్టీ, అంటే తేడాలోంచే సుమారు 20 వేలు. బండి నెలా నెలన్నర నిలబడితే పెట్టుబడి మీద వడ్డీ, స్థలం అద్దె 10 వేలు. అమ్మాక ఏదైనా పాడైతే బాగుచేసివ్వడానికి 8 వేలు పక్కన. మొత్తం 90 వేలు. మిగిలేది 40.

"ఆ 40లో జీతాలు ఇవ్వాలి మాస్టారూ. కొన్ని బండ్లు నష్టానికీ పోతాయి" అన్నాడు.

పన్ను సంగతి రాసి పెట్టుకోవాలి. 2024 డిసెంబర్ 21న జైసల్మేర్‌లో జరిగిన మండలి సమావేశంలో, డీలర్లు అమ్మే పాత బండ్లన్నింటికీ ఒకే 18 శాతం అన్నారు. అప్పటిదాకా చిన్న బండ్లకి 12 ఉండేది. అది తేడా మీదే, మొత్తం ధర మీద కాదు. మామూలు మనిషి ఇంకో మామూలు మనిషికి నేరుగా అమ్ముకుంటే ఆ పన్ను లేదు. 'పాత కారు అమ్మితే 18 శాతం పోతుంది' అని టెక్కలి బస్టాండులో ఒకాయన గట్టిగా చెబుతుంటే విన్నాను. ఆ భయంతో ఎంతమంది బ్రోకరు చెప్పిన ధరకి ఒప్పేసుకున్నారో.

కుర్రాడు వెళ్తూ మెట్ల మీద ఆగి ఇంకో మాట చెప్పాడు. "మీ బండి ఎవరు కొంటారో వాళ్లకి దగ్గరగా ఉన్న డీలరే మీకు ఎక్కువ ఇస్తాడు మాస్టారూ." ఈ పుస్తకంలో ఇప్పటిదాకా రాసినవాటిలో ఇదే అన్నిటికంటే పనికొచ్చే మాట.

3 అక్టోబర్, శుక్రవారం

నిన్న రాత్రి వాయుగుండం గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. ఆగకుండా వాన. వంశధారకి వరద. బండి చూడ్డానికి యాప్ కంపెనీ నుంచి రావాల్సిన మనిషి రాలేదు. దసరాకి కొత్త కారు పూజ చేయిద్దామనుకున్న అక్క పాతదానికే నిమ్మకాయలు కట్టింది.

11 అక్టోబర్, శనివారం

కంపెనీ కుర్రాడు శ్రీకాకుళం నుంచి మోటారుసైకిలు మీద వచ్చాడు. పాతికేళ్లుంటాయి. వీపున సంచి, చేతిలో ఫోను. మంచినీళ్లు తాగి నేరుగా పనిలోకి దిగాడు. నేను వెనకే నిలబడి చూశాను.

సంచిలోంచి అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దదైన పరికరం తీశాడు. రేకు మీద రంగు ఎంత మందంగా ఉందో మైక్రాన్లలో చెప్పే మీటరు. టాపు మీద ఆనించాడు: 104. ఎడమ తలుపు: 112. వెనక డిక్కీ: 109. ఫ్యాక్టరీ రంగు ఉన్నచోట ఇంచుమించు అన్నీ ఒకే తీరుగా ఉంటాయి. బానెట్ మీద పెట్టేసరికి 245. మళ్లీ పక్కన పెట్టాడు: 251. బావ వైపు చూశాడు. "బాబాయ్, ఇది రీపెయింటు."

"అవును, తిత్లీ" అన్నాడు బావ. "నేడే కదా తారీకు. 2018 అక్టోబరు 11. కొత్తబండి, నాలుగు నెలలయింది కొని. కొబ్బరి మట్ట పడి సొట్ట పోనాది. క్లెయిము పెట్టి సేయించినాం."

ఆ తెల్లవారుజామున పలాస పక్కనే తీరం దాటి, ఉద్దానం కొబ్బరిని, జీడిని నేలమట్టం చేసిన తుపాను అది. ఈ ప్రాంతంలో అప్పటి బండ్లలో దెబ్బతినని బానెట్ దొరకడమే కష్టం. కానీ కుర్రాడి ఫోన్లో ఉన్నవి రెండే గడులు: ఒరిజినల్, రీపెయింట్. రెండోది నొక్కాడు.

న్యాయంగా చెప్పాలి, అతను అక్కడితో ఆగలేదు. బానెట్ ఎత్తి కీలు బోల్టుల తలల మీద రంగు చెదిరిందేమో వేలితో తడిమి చూశాడు. ముందు చట్రం మీద ఫ్యాక్టరీ అతుకులు సమానంగా ఉన్నాయేమో టార్చి వేశాడు. బండి గుద్దుకుంటే అక్కడ తెలుస్తుంది. ఏమీ లేదు. 'స్ట్రక్చర్ ఓకే' అని రాసుకున్నాడు.

టైర్ల పక్కన అచ్చు వేసి ఉన్న నాలుగంకెలు చదివాడు. ముందు రెండింటికి 2321, అంటే 2021లో 23వ వారం తయారీ. వెనకవి 1418. బండితో వచ్చినవే, ఏడేళ్లు దాటాయి. అరుగుదల తక్కువున్నా వాటి వయసయిపోయింది. స్టీరింగు కింద ఒక పిన్ను గుచ్చి ఇంజన్ కంప్యూటర్‌లో పాత దోషాలేమైనా ఉన్నాయేమో చూశాడు. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీసి అక్కడ పొగ ఎంత వస్తుందో అరచెయ్యి పెట్టి చూశాడు. సీటు బెల్టు చివరిదాకా లాగి బురద మరకలున్నాయేమో చూశాడు. క్లచ్ వదిలి, "పై దాకా వచ్చి పట్టుకుంటోంది" అన్నాడు. రెండో తాళం అడిగాడు. బావ వెతికి దొరకలేదన్నాడు.

చివరికి ఇసకలో తుండు పరిచి వెల్లకిలా పడుకుని బండి కింద ఫొటోలు తీశాడు. సైలెన్సరు ఎర్రగా ఉంది. వెనక ఇరుసు మీద, తలుపుల కింద అంచుల్లో తుప్పు పొక్కులు. ఫ్లాష్ వెలుగులో తీసిన ఆ ఫొటో ఫోన్లో చూస్తే నాకే గుండె జారింది. నౌపడ ఉప్పు మడుల పక్కనుంచి రోజూ తిరిగే బండికి అడుగు అలా కాక ఎలా ఉంటుంది? ఇంతా చేసి హైదరాబాద్‌లో కూర్చుని పాట పాడేవాడికి ఇవన్నీ ఎవరు చెబుతారు?

12 అక్టోబర్, ఆదివారం

వేలం అయింది. పెద్ద పాట 3 లక్షల 30 వేలు. రెండు రోజుల్లో తేల్చుకోవాలి, ఆ తర్వాత ఆ ధర ఉండదట.

దేనికెంత తగ్గించారని మేనల్లుడు అడిగాడు. కాల్ సెంటర్ అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది కానీ, మార్కెట్ అలా ఉంది సార్ అనడమే. రిపోర్టు చూపించమంటే అది డీలర్ల కోసమంది.

ఇక్కడే నాకు కోపం. జార్జ్ అకర్లాఫ్ 1970లో రాసిన వ్యాసం పాత కార్ల బేరం గురించే. అమ్మేవాడికి బండి లోపాలు తెలుసు, కొనేవాడికి తెలియవు, ఆ అనుమానం మంచి బండ్ల ధర కూడా కిందికి లాగేస్తుంది, చివరికి మంచి బండ్లు సంతకే రావు అంటాడు. 2001లో ఆయనకి ఇంకో ఇద్దరితో కలిపి నోబెల్ వచ్చింది. ఆ అనుమానం తీర్చడానికేగా మీటర్లూ, పిన్నులూ, అన్నేసి ఫొటోలూ? తీరా బండి గురించి తెలిసినదంతా ఇప్పుడు వాళ్ల చేతికి వెళ్లింది. ఏ లోపానికి ఎంత తగ్గిందో తెలియనిది బావకి. మన బండిని మన వాకిట్లో పరీక్షించి రాసిన కాగితం మనకివ్వకపోవడం ఏం న్యాయం? ధర తగ్గించే హక్కు కొనేవాడికుంది. దేనికి తగ్గించాడో చెప్పాల్సిన బాధ్యతా ఉంది.

బావ ఆ ధరకి ఒప్పుకోలేదు.

16 అక్టోబర్

టెక్కలిలో బావ ఎప్పుడూ చూపించుకునే మెకానిక్ దగ్గరికి వెళ్లాం. బండిని పైకెత్తి స్క్రూడ్రైవర్ పిడితో అడుగంతా టంగు టంగుమని కొట్టుకుంటూ వచ్చాడు. మొనతో పొక్కుల్ని గీకాడు. "బాబూ, ఇది పై తుప్పే. రేకు గట్టిగా ఉంది సూడండి. సిల్లు పోనాదంటే ఇది దిగబడిపోద్ది" అన్నాడు. గీకినచోట తెల్లటి ఇనుము కనిపించింది. సైలెన్సరు మాత్రం ఇంకో ఏడాది కంటే ఆగదన్నాడు. క్లచ్ సెట్టు, కూలీ కలిపి 8 వేలవుతుందని చీటీ రాసిచ్చాడు.

చేయించి అమ్మితే మంచిదా అని అడిగితే వద్దన్నాడు. మనం 8 వేలు పెడితే డీలరు 8 వేలు ఎక్కువివ్వడు, వాళ్లకి మనకంటే తక్కువలో అవుతుంది. చీటీ చూపించి ఇంతకంటే ఎక్కువ తగ్గించొద్దని అడగమన్నాడు. సర్వీసు బిల్లులన్నీ ఒక ఫైల్లో పెట్టమన్నాడు. మీటరు వెనక్కి తిప్పలేదనడానికి తారీకులతో ఉన్న బిల్లులకి మించిన సాక్ష్యం లేదు.

18 అక్టోబర్, శనివారం

రెండు షోరూమ్‌ల వాళ్లు ఆన్‌లైన్లో ఎక్స్ఛేంజ్ ఫారం నింపించుకుని, తర్వాత బండి చూసి ధర చెప్పారు. మొదటివాళ్లు పాతదానికి 3 లక్షల 70 వేలన్నారు. బావ కళ్లు మెరిశాయి. రెండోవాళ్లు 3 లక్షల 45 వేలే అన్నారు. బావ లేచిపోబోయాడు.

కూర్చోబెట్టి కాగితం మీద రాశాను. మొదటివాళ్లు కొత్త కారు మీద ఒక్క రూపాయి తగ్గించడం లేదు. రెండోవాళ్లు కొత్తదాని మీద 40 వేలు తగ్గిస్తున్నారు, అందులో 15 వేలు కంపెనీ ఇచ్చే ఎక్స్ఛేంజ్ బోనస్. రెండూ ఒకే బండి, ఒకే ఆన్‌రోడ్ ధర. మొదటి చోట బావకి కలిసొచ్చేది 3 లక్షల 70 వేలు, రెండో చోట 3 లక్షల 85 వేలు.

పాతదానికి ఎక్కువ ఇచ్చినట్టు చూపించి కొత్తదానిమీద రావాల్సింది మింగేయడం ఈ వ్యాపారంలో ఎప్పట్నుంచో ఉంది. అందుకే రెండు ధరలు విడివిడిగా అడగాలి. పాతది ఇవ్వకపోతే కొత్తది ఎంతకిస్తారు? కొత్తది కొనకపోతే పాతది ఎంతకి తీసుకుంటారు? ఈ రెండూ చేతిలో ఉంటే ఎవరి మాటకారితనమూ పనిచేయదు.

రెండో షోరూమ్‌లో మెకానిక్ చీటీ, సర్వీసు ఫైలు ముందు పెట్టాం. వాళ్లు ఏ లోపానికి ఎంత తగ్గించారో కాగితం మీద చూపించారు. క్లచ్‌కి 14 వేలు వేసుకున్నారు, 8కి దింపారు. రెండో తాళానికి 7 వేలు. అక్క ఫోన్ ఎత్తి వెతికితే బీరువా అడుగున పాత చీరల మడతలో దొరికింది. తుప్పుకి ఏమీ తగ్గించలేదు. అడిగితే మేనేజరు నవ్వాడు. "ఇక్కడ కొనేవాళ్ల బండ్లన్నీ ఇలాగే ఉంటాయండి." హైదరాబాద్‌వాణ్ని భయపెట్టిన ఫొటో శ్రీకాకుళంలో ఎవరికీ పట్టలేదు. నా విద్యార్థి మెట్ల మీద చెప్పింది ఇదే.

3 లక్షల 58 వేల దగ్గర తెగింది.

24 అక్టోబర్, శుక్రవారం

కాగితాలు. పేరు మార్పిడికి కావాల్సిన ఖాళీ ఫారం 29, ఫారం 30ల మీద బావ సంతకాలు పెట్టి ఇచ్చేయబోతుంటే ఆపాను. కొనేవాడి పేరు, తేదీ, సమయం నింపాకే సంతకం.

ఎందుకింత పట్టుదలంటే, 2018 ఫిబ్రవరిలో నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. బండి చేతులు మారినా రిజిస్ట్రేషన్ ఎవరి పేరు మీద ఉంటే ప్రమాదం జరిగినప్పుడు పరిహారం బాధ్యత వాళ్లదే. ఆ కారు చాలా చేతులు మారింది. చివరికి భారం రికార్డులో పేరున్న మొదటి యజమాని మీద పడింది. మన వైపు ఎంతమంది బ్రోకరుకి బండి అప్పగించి, డబ్బు లెక్కపెట్టుకుని, ఆర్సీ సంగతి మరిచిపోయారో తలుచుకుంటే భయమేస్తుంది.

2023 ఏప్రిల్ 1 నుంచి దీనికి ఒక దారి వచ్చింది. రవాణా శాఖ దగ్గర అనుమతి పొందిన పాత బండ్ల డీలరుకి అప్పగించి, ఆ సంగతి పోర్టల్లో నమోదు చేయిస్తే, అక్కడ్నుంచి ఆ డీలరే యజమాని కింద లెక్క. ప్రమాదమైనా, చలానా అయినా అతనిదే. అందుకే ధర అడగడానికి ముందే డీలరుకి ఆ అనుమతి ఉందా అని అడగాలి. అయిదు వేలు ఎక్కువిచ్చే అనుమతి లేనివాడి కంటే అనుమతి ఉన్నవాడే మేలు.

30 అక్టోబర్, గురువారం

మొంథా తుపాను 28 రాత్రి నర్సాపురం దగ్గర తీరం దాటింది. మనకి వానతో పోయింది. ఇంకొన్ని నెలల్లో నీట మునిగిన బండ్లు ముస్తాబై సంతకి వస్తాయి. కొనేవాళ్లెవరైనా సీటు బెల్టు చివరిదాకా లాగండి, స్టెప్నీ కింద చెయ్యి పెట్టండి, కార్పెట్ ఎత్తి వాసన చూడండి. నీళ్లు తాగిన బండి ఎంత కడిగినా ఆ మూడు చోట్లా దొరికిపోతుంది.

9 నవంబర్, ఆదివారం

బావకి ఆర్సీ మార్పిడి సందేశం వచ్చింది. నో క్లెయిమ్ బోనస్ కొత్త పాలసీకి మారింది.

మధ్యాహ్నం నౌపడ నుంచి ఒకాయన బావ మాట విని నాకు ఫోన్ చేశాడు. ఆయనది బొలెరో, బరంపురంలో కొన్నది, ఓడీ నంబరు. యాప్‌లో మంచి అంకె వచ్చిందట, ఏం చేయమంటారు మాస్టారూ అని. ఆంధ్రాలో ఉండేవాడు ఆ బండి కొంటే ఒడిశా నుంచి ఎన్ఓసీ తేవాలి, ఇక్కడ మళ్లీ రిజిస్ట్రేషనూ, పన్నూ కట్టాలి. ఆ ఖర్చంతా కొనే డీలరు ముందే తీసేస్తాడు. అదే బండిని బరంపురంలో అమ్మితే అవేవీ ఉండవు. ఇచ్ఛాపురం దాటితే బరంపురం ఎంతో దూరం లేదు. అక్కడ రెండు చోట్ల ధర కనుక్కుని, తగ్గింపులు కాగితం మీద రాయించుకుని రమ్మన్నాను. వచ్చే ఆదివారం వస్తానన్నాడు.